మడిచి కట్టిన ఫ్లెక్సీ

ఆ వానాకాలం మా ఇంట్లో ఇద్దరం ఒకే పరీక్షకి చదివాం, నేనూ మా అమ్మా. నాకు ఇరవై రెండు, ఆవిడకి నలభై తొమ్మిది. నాకది మొదటిసారి, ఆవిడకి మూడోసారి. ఈసారి కూడా తప్పితే మళ్ళీ కాలేజీలో చేరి కొంతకాలం చదివి వస్తే గానీ రాయనివ్వరు. "అదే జరిగితే నా బదులు నువ్వెళ్ళి క్లాసులో కూర్చో, నీ ట్రైసికిల్ నేను తోలతా," అని అమ్మ, మోటారు ట్రైసికిల్ బాడుగకి తోలే నాన్నతో అనేది. నాకు చదువు రాదు, నీకు బ్రేకు రాదు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటే ఊరికి క్షేమం అని నాన్న జవాబు.

మాది మనీలాకి చాలా దూరాన, సోర్సొగోన్ తీరంలో చిన్న ఊరు. మా అమ్మ దెల్మా దియోకరేసా అంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. మునిసిపాలిటీ సంక్షేమ ఆఫీసులో పంతొమ్మిదేళ్ళుగా సహాయకురాలు. ఆ ఆఫీసులో మెట్లున్నాయి. కింది మెట్టు సహాయకులది, దానికి లైసెన్స్ అక్కర్లేదు. ఆ పైన ఒకటో గ్రేడు, రెండో గ్రేడు సోషల్ వర్కర్లు, అందరికీ పైన ఆఫీసు పెద్ద. మేం చదువుతున్న ఆ బోర్డు పరీక్ష పాసై లైసెన్స్ నంబరు తెచ్చుకోనిదే ఒకటో గ్రేడులో కాలు పెట్టనివ్వరు.

తేడా అంతా సంతకం దగ్గర తెలుస్తుంది. ఎవరికైనా ఆస్పత్రి సాయం కావాలన్నా, తల్లిలేని పిల్లని బంధువులకి అప్పగించాలన్నా, ఇల్లు కూలినవాళ్ళకి రేకులు ఇప్పించాలన్నా కేసు రిపోర్టు రాయాలి. చివరి పేజీలో ఎడమవైపు ‘తయారు చేసినవారు’ అని ఒక పేరు. కుడివైపు సంతకం, దాని కింద లైసెన్స్ నంబరు. ఆస్పత్రివాళ్ళైనా జడ్జిగారైనా చూసేది కుడివైపే. మా అమ్మ పంతొమ్మిదేళ్ళూ ఎడమవైపే ఉంది. కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పి పని నేర్పింది. వాళ్ళు కుడివైపు సంతకాలు చేసి, రెండు మూడేళ్ళకి పెద్ద ఊళ్ళకి వెళ్ళిపోయారు. నలభై దాటాక అమ్మ కూడా శని, ఆదివారాలు బస్సెక్కి వెళ్ళి డిగ్రీ పూర్తి చేసింది. డిగ్రీ వచ్చింది గానీ పరీక్ష లొంగలేదు.

ఆ ఏడు డిసెంబరుతో ఆఫీసు పెద్ద మేడమ్ ఫెలిసిదాద్ రిటైరవుతోంది. ఆవిడ వెళ్ళేముందే ఒక్కొక్కరూ ఒక్కో మెట్టు ఎక్కుతారు, ఒకటో గ్రేడులో ఖాళీ వస్తుంది. జూలైలో ఆవిడ మా ఇంటికే వచ్చి కూర్చుంది. ఆ ఖాళీ అమ్మ కోసం ఆపుతానని, తను కుర్చీలో ఉన్నంతవరకే ఆపగలనని చెప్పింది. "నా వెనక ఎవరొస్తారో, ఎవరి మేనకోడల్ని తెస్తారో నాకు తెలీదు దెల్మా. ఈసారి కొట్టు," అంది. అమ్మ తల వంచుకుని కాఫీ కలిపింది. ఎవరి ముందైనా మా అమ్మ తల వంచడం నేను చూసింది అప్పుడే.

సరే, నేను గురువునయ్యాను. వాన రేకుల మీద పడుతుంటే రోజూ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. చట్టాలు, సిద్ధాంతాలు, కమిటీల పేర్లు అన్నీ ఆవిడకి నాకంటే బాగా వచ్చు. తప్పేదల్లా ఒక్కచోటే. ఆఫీసు మూసే వేళకి ఒక ఆడమనిషి వస్తుంది. మొహం మీద దెబ్బలు, చంకలో పిల్ల, రాత్రికి పోవడానికి చోటు లేదు. సోషల్ వర్కర్ ఏం చెయ్యాలి? కింద నాలుగు జవాబులు. అందులో ఒకటి ఎప్పుడూ ‘ఇంటికి తీసుకువెళ్ళాలి’ అని ఉంటుంది. మా అమ్మ ఎప్పుడూ కళ్ళు మూసుకుని దానికే గుర్తు పెడుతుంది.

అది ఎప్పుడూ తప్పే. పుస్తకం ప్రకారం పోలీసుల మహిళా విభాగానికి కబురు చెయ్యాలి, ఆశ్రయ గృహానికి పంపాలి, కాగితం మీద రాయాలి. మన ఇల్లు వేరు, మన పని వేరు.

ఎలా వేరవుతుందో మా అమ్మకి అర్థమయ్యేది కాదు. ఆశ్రయ గృహం మా ఊరికి రెండు గంటల దూరం, ఆఖరి బస్సు నాలుగున్నరకి. మా వంటింటి గోడ పక్కన ఎప్పుడూ ఒక చాప చుట్టి ఉండేది. అది మాది కాదు, వచ్చేవాళ్ళది. నా చిన్నప్పటి నుంచీ ఆ చాప మీద ఎంతమంది పడుకున్నారో లెక్క లేదు. పొద్దున నేను లేచేసరికి ఎవరో కొత్తావిడ మా పొయ్యి ముందు కూర్చుని ఉండేది, అమ్మ ఆవిడకి అల్లం వేసిన గంజి పోస్తూ ఉండేది.

"ఆకలితో, భయంతో ఉన్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఫారం నింపితే ఏం చెబుతుందే?" అని అమ్మ నా మీదికి వచ్చేది.

నాకూ కోపం తక్కువేం కాదు. పదోసారో పదకొండోసారో పుస్తకం బల్ల మీద పడేసి అన్నాను. "అమ్మా, పరీక్షలో నీకు ఇల్లు లేదు. వంటగది లేదు, చాప లేదు, నాన్న లేడు. లైసెన్స్ ఒక్కటే ఉంది. అది గుర్తుపెట్టుకుని రాయి."

అమ్మ పుస్తకం దగ్గరికి లాక్కుంది. పక్కగదిలోంచి నాన్న, "నేను లేనంటే ఇవాళ కూరలో చేప ఎవరికి?" అన్నాడు. అప్పుడు నవ్వింది. నవ్వుతూనే నేనన్న మాట పుస్తకం అట్ట లోపల పెన్నుతో రాసుకుంది.

నాన్న తన వంతు పనులు చేశాడు. మా ఇద్దరి పెన్సిళ్ళనీ ఆదివారం చర్చికి తీసుకెళ్ళి ఫాదర్ చేత పవిత్రజలం చల్లించాడు. పనిలో పనిగా ట్రైసికిల్ మీద కూడా చల్లించాడు. అంతటితో ఆగలేదు. ఒకరోజు నన్ను పెరట్లోకి పిలిచి, ట్రైసికిల్ సీటు కింద నుంచి ఒక చుట్ట తీసి విప్పాడు. ఫ్లెక్సీ. మా ఊళ్ళో బోర్డు పాసైనవాళ్ళ ఇంటి గేటుకి ఫ్లెక్సీ కట్టడం ఆనవాయితీ, నర్సు గానీ టీచరు గానీ సోషల్ వర్కర్ గానీ. కానీ పాసయ్యాక కడతారు. ఇది రెండు నెలల ముందే అచ్చయి వచ్చింది. ఎడమవైపు అమ్మ ఫొటో, కుడివైపు నాది, మధ్యలో ‘ఒకే ఇల్లు, రెండు లైసెన్సులు’ అని పెద్ద అక్షరాలు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని తిట్టాను. ముందే అచ్చేస్తే అచ్చుకొట్టేవాడు తగ్గించాడని నాన్న గొణిగాడు. అమ్మకి చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాడు. తిడుతూనే నా ఫొటో ఎలా పడిందో మరోసారి చూసుకున్నాను, అబద్ధమెందుకు.

పరీక్షకి పద్దెనిమిది రోజులుందనగా తుఫాను వచ్చింది.

ఏటి ఒడ్డున ఉన్న ఇళ్ళన్నిటినీ ఖాళీ చేయించి జనాన్ని స్కూల్లో పెట్టారు. అమ్మ పుస్తకం మూసి ఆఫీసు చొక్కా వేసుకుంది. మనుషులు చాలరని మేడమ్ నన్నూ పిలిచింది. మెడలో కార్డు, చేతిలో ఫారాల బొత్తి. నాకు లోపల ఎంత గర్వమో. కాలేజీలో ఇంటర్వ్యూ చెయ్యడంలో నేనే ఫస్టు.

నా వంతుకి వచ్చినవాళ్ళలో ఐజా అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. పక్క వీధి పడవవాళ్ళు నీళ్ళలో కనిపిస్తే ఎక్కించుకుని తెచ్చారట. తల్లీ తండ్రీ మనీలాలో పనిలో ఉన్నారని, ముసలమ్మ దగ్గర పెరుగుతోందని ఎవరో చెప్పారు. ఆ ముసలమ్మ ఏదని అడిగితే, వాళ్ళ బంధువులు ముందురోజే కొండ మీది ఊరికి తీసుకుపోయి ఉంటారని ఇంకెవరో అన్నారు. నేను నేల మీద కూర్చుని, పుస్తకంలో చెప్పినట్టు కళ్ళు కలిపి, మెత్తగా అడిగాను. పేరు చెప్పలేదు. అవ్వ ఎక్కడుందని అడిగితే గోడ వైపు తిరిగింది. గంట గడిచినా నా ఫారంలో ఒక్క గడి నిండలేదు.

అమ్మ వచ్చి చూసింది. మేడమ్‌తో రెండు ముక్కలు మాట్లాడి, నన్ను కూడా రమ్మని, పిల్లని చెయ్యి పట్టుకుని రెండు వీధుల అవతల ఉన్న మా ఇంటికి నడిపించుకొచ్చింది. పొడిబట్టలు తొడిగింది. గంజి పెట్టింది. ప్రశ్నలేమీ అడగలేదు. తిన్నాక నాలుగు వెల్లుల్లి గడ్డలు ముందు పోసి, స్కూల్లో అందరికీ వండాలి, ఒలిచిపెట్టు తల్లీ అంది. నేను ఒళ్ళు మండి చూస్తూ కూర్చున్నాను. అవతల రెండొందల మంది ఉంటే ఇక్కడ వెల్లుల్లి ఒలవడమేమిటి?

రెండో గడ్డ సగంలో ఉండగా పిల్ల నోరు విప్పింది. "మా అవ్వకి వెల్లుల్లి పడదు."

అమ్మ తల ఎత్తలేదు. "అలాగా. అయితే అవ్వకి వేరే వండుదాం. ఎక్కడుంది?"

"అటక మీద. పాక్కుంటూ ఎక్కింది, కాళ్ళు రావుగా. నాకోసం ఎవరూ నీళ్ళలోకి దిగకూడదు, ఎవరికీ చెప్పకు, నేనే తొందరగా వచ్చేస్తానంది నన్ను పంపి."

గుమ్మంలో వింటున్న నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా పడవవాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు. మధ్యాహ్నం దాటాక పడవవాళ్ళు అవ్వని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి స్కూలుకి మోసుకొచ్చారు. అటక చెక్కకి జానెడు కిందవరకు నీళ్ళు వచ్చాయని చెప్పారు. అవ్వ బతికే ఉంది, పైగా తనని ఆలస్యంగా తెచ్చినందుకు అందర్నీ తిడుతోంది. ఆ తిట్లు వింటూ నేను స్కూలు బావి వెనక్కి వెళ్ళి ఏడ్చాను. నా గంట, నా మెత్తని గొంతు, నా ఖాళీ ఫారం. మా అమ్మని చూస్తే ఎంత గర్వం కలిగిందో, నన్ను చూసుకుంటే అంత సిగ్గేసింది.

ఆ వారమంతా అమ్మ రిపోర్టులు రాసింది, ఐజాదీ అందులో ఉంది. అవన్నీ టైపు చేసింది నేనే. ఎడమవైపు దెల్మా దియోకరేసా. కుడివైపు మేడమ్ సంతకం. పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నదే అయినా, ఆ వారం ఆ కుడివైపు చూస్తే నాకు చెయ్యి దురద పుట్టింది.

పరీక్ష లెగాస్పి పట్నంలో, మూడు రోజులు. కుర్చీలు ఇంటిపేరు వరసలో వేస్తారు. దియోకరేసాలు ఇంకెవరూ లేరు కాబట్టి అమ్మ ముందు, నేను వెనక. హాల్లో కాపలా ఉన్న ఆవిడ కార్డులు చూసి, అక్కాచెల్లెళ్ళా అని అడిగింది. అమ్మ కాదనలేదు. నేను చెబుదామనుకునేలోపే, "మాట్లాడకూడదు," అని అమ్మే నా మీద కళ్ళెర్ర చేసింది.

మూడో రోజు ఆ ప్రశ్నలు వచ్చాయి. ఒకటి కాదు, పది పన్నెండు దాకా, అన్నీ ఒకే రకం. చీకటి పడే వేళ, చోటు లేని మనిషి, నాలుగు జవాబులు. అమ్మ పెన్సిల్ ఆగిపోవడం నేను వెనక నుంచి చూశాను. మెడ మీద చెమట, జడలో పెట్టుకున్న పిన్నులు. చాలాసేపు అలాగే ఉండి, తర్వాత ఒక గడి నింపింది. ఏది నింపిందో నాకు కనపడలేదు.

నాకు ఆ జవాబులు నిద్రలో లేపినా వచ్చు. నేర్పింది నేనే. కానీ ప్రతి ప్రశ్నలోనూ గోడ వైపు తిరిగిన ఐజా కనిపించింది. ఒక గడి నింపి చెరిపాను, మరొకటి నింపి చెరిపాను. కొన్నిటికి అమ్మ జవాబే పెట్టాను. తప్పని తెలుసు, అయినా చెయ్యి ఒప్పుకోలేదు. తల ఎత్తేసరికి ఇంకా ముప్పై ప్రశ్నలుండగా పది నిమిషాలే మిగిలాయి.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ వైపు చూస్తూ చెప్పింది, నువ్వన్నట్టే రాశానే, నాకు ఇల్లు లేదనుకునే రాశాను, రాస్తుంటే ఆ ఆడవాళ్ళందరినీ బయటికి గెంటినట్టు అనిపించింది అని. నేనేం రాశానో అడిగింది. బానే రాశానన్నాను.

ఫలితాలు గురువారం మధ్యాహ్నం వచ్చాయి. ఫోన్ నా చేతిలోనే ఉంది. పేర్లన్నీ ఇంటిపేరు వరసలో ఉంటాయి. దియోకరేసా దెల్మా. దాని కింద ఇంకెవరి ఇంటిపేరో.

"అమ్మా, పాసయ్యావు," అన్నాను.

ఆవిడ ఫోన్ లాక్కుని ఆ పేరు కింద వేలు పెట్టింది. వేలు అక్కడే ఉండిపోయింది. ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ చూడమంది. మళ్ళీ చూశాను. పెరట్లో నాన్న అప్పటికే సీటు కింద నుంచి చుట్ట తీశాడు. నా మొహం చూసి దాన్ని వెనక దాచుకోబోయాడు. అంత పెద్ద ఫ్లెక్సీ ఎక్కడ దాగుతుంది? అమ్మకి కనపడనే కనపడింది.

"పొయ్యిలో పెట్టు దాన్ని," అంది అమ్మ. "నా పిల్ల నాకు చెప్పీ చెప్పీ తను తప్పింది. నేను గేటుకి నా మొహం కట్టుకోవాలా?"

నేను స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, కుళాయి తిప్పి, కడుపునిండా ఏడ్చాను. పావుగంటో అరగంటో. బయటికి వచ్చేసరికి వాళ్ళిద్దరూ ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు, నాన్న చేతిలో కత్తెర. నా సగం కత్తిరించి అమ్మ సగం కడదామని ఆయన ఉద్దేశం. అమ్మ ఏదీ వద్దంటోంది.

నేను ఫ్లెక్సీ లాక్కున్నాను. నేల మీద పరిచి నా ఫొటో ఉన్న సగాన్ని వెనక్కి మడిచాను. ట్రైసికిల్ మీదికెక్కి గేటుకి కట్టాను. మడిచాక పైకి ‘ఒకే ఇల్లు’ అన్నది మిగిలింది, ‘రెండు లైసెన్సులు’ వెనక్కి పోయింది.

"కత్తిరించకండి. వచ్చే ఏడు మడత విప్పుదాం," అన్నాను.

సాయంత్రానికి ఊరంతా మా ఇంట్లోనే ఉంది. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకున్నారు, నూడుల్స్, కొబ్బరిపాలు పోసి వండిన చేపలు, అంటుకునే బియ్యంతో చేసిన తీపి. ఆ చాప మీద ఎప్పుడో పడుకుని వెళ్ళిన ఆడవాళ్ళు ఏడుగురు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ గేటు దగ్గర ఆ మడత చూసి, అవతల సగంలో ఎవరున్నారని అడిగింది. నేనున్నానని చెప్పాను. ఆ రోజు మా వీధిలో అందరికంటే తల పైకెత్తుకుని తిరిగింది నేనే. మా అమ్మకి చదువు చెప్పిన పిల్లని మరి.

డిసెంబరులో అమ్మ ఒకటో గ్రేడులో చేరింది. ఆవిడ ఖాళీ చేసిన సహాయకుల బల్ల నాకిచ్చారు. ఆ సొరుగులో పంతొమ్మిదేళ్ళ పెన్నుమూతలూ, సగం వాడిన దగ్గు బిళ్ళలూ ఉన్నాయి. ఆఫీసులో అమ్మ నన్ను పేరు పెట్టి పిలవదు, మిస్ దియోకరేసా అంటుంది. ఇంట్లో కూర ఎంత బాగా వండినా అంత మర్యాదగా పిలిచి ఎరగదు.

నా మొదటి రిపోర్టు ఐజా అవ్వది. ఏటి ఒడ్డు నుంచి మార్చి, కొండ దగ్గర కట్టిన కొత్త ఇళ్ళలో ఒకటి వాళ్ళకి ఇప్పించాలి. రెండు రోజులు కూర్చుని రాశాను. అమ్మ ఎర్రపెన్నుతో చదివి వెనక్కి ఇచ్చింది. అవ్వ నడవలేదని రాశావు, మరి ఇంటి గుమ్మానికి మెట్లు ఉండకూడదని ఎక్కడ రాశావు అంది. మళ్ళీ రాశాను. ఆ పిల్ల స్కూలు అక్కణ్ణుంచి ఎంత దూరమో ఏదీ అంది. నడిచి చూసి వచ్చి రాశాను. మూడోసారి తెచ్చినప్పుడు ఆసాంతం చదివి, చివరి పేజీ ముందుకు లాక్కుంది.

కుడివైపు సంతకం చేసింది. దాని కింద లైసెన్స్ నంబరు ఒక్కొక్క అంకే వేసింది, తొందరపడకుండా. మేడమ్ ఫెలిసిదాద్ తన పెట్టెలు సర్దుకుంటూ అది చూసి చేతిలో పని ఆపింది.

పెన్ను మూత పెట్టాక అమ్మ ఎడమవైపు చూసింది. ‘తయారు చేసినవారు: రియలిన్ దియోకరేసా.’ ఆ పేరు మీద వేలు ఆనించింది, ఫలితాల రోజు ఫోన్ మీద ఆనించినట్టే.

"ఇక్కడ నేను చాలా ఏళ్ళు కూర్చున్నానే," అంది, ఆఫీసని మర్చిపోయి. "నువ్వు ఎక్కువ రోజులు కూర్చోకు."

"సరే మేడమ్," అన్నాను.